స్వగృహవాసం మోహమేనా? నగరవృద్ధుల కోరికపై శాస్త్రవిచారం

ఏ కర్మ ఆరంభించినా ముందుగా సంకల్పం చెప్పుకోవడం వైదిక సంప్రదాయం. అందులో దేశకాల సంకీర్తనం విడువరాని అంగం. బ్రహ్మదేవుని ద్వితీయ పరార్ధం నుండి ఆనాటి తిథివారనక్షత్రాల వరకు కాలం దిగివస్తుంది. జంబూద్వీపం నుండి భరతఖండానికి, మేరువుకు దక్షిణ దిగ్భాగానికి, అక్కడినుండి శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో ఆ ప్రదేశానికి, ఏ నదుల నడుమ ఉన్నామో ఆ మధ్యదేశానికి దేశం దిగివస్తుంది. చివరకు కర్త పీట వేసుకుని కూర్చున్న చోట ఆగుతుంది. సొంత ఇంట ఉన్నవాడు 'స్వగృహే' అంటాడు, అద్దె ఇంట ఉన్నవాడు 'వసతిగృహే' అంటాడు. ఇంత బ్రహ్మాండంలో తన చోటు ఇదని పలికిన తరువాతనే పుణ్యాహవాచనమైనా, పితృకార్యమైనా ముందుకు సాగుతుంది.

సముద్రాలు దాటిన తెలుగువారి కోసం ఈ దేశసంకీర్తనం కూడా మారింది. అమెరికాలో వ్రతాలు చేయించే పురోహితులు క్రౌంచద్వీపం, రమణకవర్షం, ఐంద్రఖండం అని చెప్పిస్తున్నారు. నలభై ఏళ్ళు హైదరాబాదులో కృష్ణాగోదావరుల మధ్యదేశమని చెప్పుకున్న పెద్దాయన, అక్కడ కుమారుని ఇంట సత్యనారాయణవ్రతంలో కూర్చుని ఈ కొత్త మాటలు వల్లిస్తున్నప్పుడు ఒక్క క్షణం తడబడతాడు. ఆయనకు సంస్కృతం రాక కాదు. కొడుకు మీద ప్రేమ లేకా కాదు. తాను పలుకుతున్న చోటు తనది కాదని నాలుకకు తెలిసిపోయింది, అంతే.

ఈ తడబాటును ఇటీవల చాలామంది మోహమని కొట్టివేస్తున్నారు. నగరాలలోని పాత పేటలలో, నల్లకుంటలో, చిక్కడపల్లిలో, పద్మారావునగరులో, విజయవాడ సత్యనారాయణపురంలో, ఒంటరిగానో దంపతులుగానో మిగిలిన వృద్ధులు ఎందరో ఉన్నారు. సంతానం వేరే ఖండంలో ఉంటుంది, లేదా బెంగళూరులో ఉంటుంది. రెండు సంక్రాంతుల మధ్య ఒకసారి వచ్చి, గోడమీద పగులునూ మెట్ల ఎత్తునూ చూసి, "అమ్మా, నువ్వొక్కదానివే ఇక్కడ ఎందుకు?" అని మొదలుపెడతారు. ఆ ప్రశ్నలో నిజమైన ప్రేమ ఉంది, నిజమైన భయం ఉంది. తల్లి ఒప్పుకోదు. అప్పుడు బంధువులలో నాలుగు శ్లోకాలు వచ్చినవారెవరో కలుగజేసుకుని, ఈ వయస్సులో ఇంకా ఇంటిమీద మమకారమేమిటి, పెద్దలు వానప్రస్థం విధించింది ఇందుకే కదా, అని ఉపదేశిస్తారు. శాస్త్రం పేరు చెప్పగానే ఆ తల్లి నోరు మూతపడుతుంది. తన కోరిక ధర్మవిరుద్ధమేమో అన్న శంక మనస్సులో ప్రవేశిస్తుంది. ఇల్లు డెవలపరు చేతికి వెళ్ళడం, పెద్దామె పెట్టె సర్దుకోవడం ఆ తరువాత ఆరునెలలలో జరిగిపోతాయి.

శాస్త్రాన్ని ఈ విధంగా వాడుకోవడం సమంజసమేనా అన్నది ఇక్కడి విచారణీయాంశం.

మనుస్మృతి షష్ఠాధ్యాయం గృహస్థుడు తన దేహంపై ముడుతలను, తలపై నెరపును, సంతానానికి సంతానాన్ని చూసినప్పుడు అరణ్యాన్ని ఆశ్రయించాలని చెప్పిన మాట వాస్తవం. ఉపదేశకులు ఇంతవరకే చదువుతారు. ఆ విధి అగ్నిహోత్రంతో, కందమూల భోజనంతో, వ్రతనియమాలతో కూడిన ఒక ఆశ్రమానికి సంబంధించినది. నగరం శివార్లలోని పన్నెండవ అంతస్తు గదికి ఆ ఆశ్రమధర్మం అన్వయించదు. అంతేకాదు, బృహన్నారదీయాది వచనాలను ప్రమాణంగా గ్రహించిన నిబంధకారులు కలివర్జ్యాల గణనలో వానప్రస్థాశ్రమాన్నే చేర్చారు. కలియుగంలో నిషిద్ధమని పెద్దలు పక్కన పెట్టినదాన్ని ముసలితల్లి విషయంలో మాత్రం విధిగా బయటికి తీయడం విడ్డూరం. సముద్రయానం కూడా ఆ పట్టికలోనిదే. దాన్ని మాత్రం ఎవరూ గుర్తు చేయరు.

అదే మనువు చతుర్థాధ్యాయం చివర వేరొక మార్గం చూపాడు. ఋషిఋణ, పితృఋణ, దేవఋణాలు యథావిధిగా తీర్చుకున్నవాడు కుటుంబభారమంతా కుమారుని యందుంచి, మాధ్యస్థ్యాన్ని ఆశ్రయించి నివసించాలన్నాడు. ఎక్కడ నివసించాలి? వ్యాఖ్యాత కుల్లూకభట్టు ఈ సందేహానికి తావివ్వకుండా, మమత్వం విడిచి, సర్వత్ర సమదృష్టితో, ఇంటిలోనే అని స్పష్టపరిచాడు. షష్ఠాధ్యాయంలోనే వేదసంన్యాసికుని ప్రసక్తి వస్తుంది. సర్వకర్మలనూ విడిచి, వేదాభ్యాసం మాత్రం విడువక, కుమారుని సంరక్షణలో సుఖంగా ఉండమని అక్కడి ఉపదేశం. అరణ్యవాసాన్ని చెప్పిన అధ్యాయమే గృహవాసాన్ని కూడా చెప్పిందన్నమాట. వార్ధక్యంలో ఇంట ఉండిపోవడం శాస్త్రం చూసీచూడనట్లు వదిలేసిన బలహీనత కాదు, విధిపూర్వకంగా చెప్పిన ఒక జీవనరీతి.

మాధ్యస్థ్యం అన్న పదం దగ్గర కొంచెం నిలవాలి. మధ్యస్థుడంటే తగవులో ఏ పక్షానికీ చెందనివాడు. అతడు ఊరు విడిచినవాడు కాడు, తగవు జరిగే చోటనే ఉంటాడు, ఇరుపక్షాలూ అతనికి తెలుసు, అతడంటే ఇరుపక్షాలకూ గౌరవం. అతనికి లేనిది స్వార్థమొక్కటే. కాబట్టి మనువు వృద్ధుణ్ణి విడువమన్నది ఆధిపత్యాన్ని, అనుబంధాలను కాదు. ఈ రెండింటి భేదం తెలియకపోవడం వల్లనే మన ఇళ్ళలో అనర్థం జరుగుతోంది. ఒకవైపు ఆధిపత్యం విడువలేని పెద్దలు, తాళంచెవుల గుత్తి బొడ్డున దోపుకుని కోడలి చేతి వంటను వంక పెట్టేవారు. మరొకవైపు పెద్దల అనుబంధాలన్నింటినీ ఒక్క విమానటిక్కెట్టుతో తెంచివేసి, దానికి వైరాగ్యమని పేరుపెట్టే పిల్లలు. ఎవరికివారే విడువవలసిన వైరాగ్యాన్ని ఎదుటివారికి విధించడం శాస్త్రసమ్మతం కాదు.

ఇక గీతలోని పదమూడవ అధ్యాయాన్ని ఉదహరించేవారున్నారు. జ్ఞానసాధనాలను పరిగణిస్తూ భగవానుడు పుత్రదారగృహాదులయందు అసక్తిని చెప్పాడు, ఏకాంతదేశ సేవనాన్ని చెప్పాడు, జనసమూహమందు అరతిని కూడా చెప్పాడు. ఆ మాటలను పైపైన చూస్తే, ఇరుగుపొరుగులు లేని చోట కూర్చోబెట్టడం వృద్ధులకు మేలు చేయడమే అనిపిస్తుంది. శంకరభగవత్పాదులు ఈ సందేహాన్ని ముందే ఊహించినట్లు భాష్యం రచించారు. ఇక్కడ జనసమూహమంటే సంస్కారశూన్యులు, అవినీతులు అయిన ప్రాకృతజనుల గుంపు మాత్రమేననీ, సంస్కారవంతులు, వినీతులు అయినవారి కూటమి జ్ఞానానికి ఉపకారకమే గనుక అది విడువదగినది కాదనీ వివరించారు. ప్రతి శనివారం సాయంత్రం విష్ణుసహస్రనామ పారాయణకు కూర్చునే పదిమంది వృద్ధస్త్రీల బృందం ఈ రెండవ కోవలోనిది. దానినుండి ఒకామెను తీసుకుపోయి, రోజంతా టెలివిజన్ మోగే గదిలో కూర్చోబెట్టడం ఏకాంతం కల్పించడం కాదు. ఏకాంతం సాధకుడు వరించి తెచ్చుకునేది, తలుపు తెరిస్తే పలికేవారుంటారన్న ధైర్యం మీద నిలిచేది. ఒంటరితనం మీద వచ్చి పడేది. ఒకటి చిత్తాన్ని నిలుపుతుంది, రెండవది కుంగదీస్తుంది.

వానప్రస్థానికి ఇతిహాసంలో ప్రసిద్ధమైన ఉదాహరణ ధృతరాష్ట్రుడు. ఆశ్రమవాసపర్వం చదవనివారు, చదివినా తొందరపడి చదివినవారు, యుద్ధం ముగియగానే ఆయన అడవికి వెళ్ళిపోయాడనుకుంటారు. ఆయన యుద్ధానంతరం 15 సంవత్సరాలు హస్తినలోనే ఉన్నాడు. నూరుగురు కుమారులను చంపినవారి ఇంటనే ఉన్నాడు. ధర్మరాజు ఆయనకు లోటు రానీయలేదు. ప్రతి రాజకార్యం ఆయనకు నివేదించాడు, దానధర్మాలకు ధనం అడిగిందే తడవుగా ఇచ్చాడు. ఆ వృద్ధరాజు మనస్సు విరిగింది భీముని మాటల వల్ల. భీముడు ధర్మజునికి తెలియకుండా, పెద్దాయనకు వినబడేటట్లు, తన బాహువుల ప్రతాపాన్ని చెప్పుకునేవాడు. అన్నం, వస్త్రం, సేవకులు, గౌరవం అన్నీ ఉండి ఒక్క మాట పొల్లుపోతే వృద్ధుడు ఇల్లు విడుస్తాడని వ్యాసుడు చూపాడు. నెలనెలా డబ్బు పంపడంతో కర్తవ్యం తీరిందనుకునేవారు ఈ ఘట్టాన్ని మననం చేసుకోవడం మంచిది.

ఆ తరువాతి కథ ఇంకా విశేషమైనది. అడవికి బయలుదేరే ముందు ధృతరాష్ట్రుడు పౌరజానపదులను సమావేశపరిచాడు. తాను, తన కుమారుడు చేసిన అపరాధాలను మన్నించమన్నాడు. వెళ్ళడానికి అనుజ్ఞ ఇమ్మన్నాడు. రాజ్యం ఏనాడో చేజారిన అంధుడు, ఎవరి అనుమతీ అవసరం లేనివాడు, ఊరి జనాన్ని సెలవడిగాడు. వాళ్ళు కన్నీరుమున్నీరయ్యారు. సాంబుడనే బ్రాహ్మణుడు అందరి పక్షాన ప్రత్యుత్తరమిచ్చాడు. ఒక మనిషికీ అతడు బ్రతికిన ఊరికీ మధ్య ఇచ్చిపుచ్చుకునే లెక్క ఒకటి ఉంటుందని, దాన్ని తీర్చుకోకుండా కదలడం తగదని ఈ ఘట్టం సూచిస్తోంది. నేటి వృద్ధులకు ఈ భాగ్యం కూడా లేదు. సామాను లారీ ఉదయం ఏడింటికి వస్తుంది, ఎదురింటివారికి తొమ్మిదింటికి తెలుస్తుంది.

పోనీ, అడవిలోనైనా ఆయన ఒంటరిగా ఉన్నాడా అంటే అదీ లేదు. వెంట గాంధారి, కుంతి, విదురుడు, సంజయుడు ఉన్నారు. కురుక్షేత్రంలో కేకయరాజుగా ఉండి తపస్వి అయిన శతయూపుని ఆశ్రమంలో నివసించాడు. మునులు వచ్చిపోయేవారు. పాండవులు పౌరులతో సహా చూడవచ్చి దాదాపు నెలరోజులు ఉన్నారు. నిజమైన వానప్రస్థం కూడా ఒక సంఘం నుండి మరొక సంఘంలోకి ప్రవేశమే. కాశీవాసం చేసే తెలుగువారి విషయంలోనూ ఇంతే. మానససరోవర ఘట్టం దగ్గర ఆంధ్రాశ్రమం వెలిసింది తెలుగువారికి తెలుగువారి పంక్తి, పలకరింపు దొరకాలనే కదా. ఆసక్తిని విడిచి విశ్వనాథుని సన్నిధికి చేరినవారికే ఇన్ని ఆలంబనాలు అవసరమైతే, కేవలం పిల్లల సౌకర్యార్థం కదిలేవారి మాట వేరే చెప్పాలా?

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి బోధించిన ప్రియత్వ విచారం ఈ సందర్భంలో స్మరణీయం. భర్తగానీ భార్యగానీ ధనంగానీ వాటికోసమే ప్రియం కావు, ఆత్మకోసమే ప్రియమవుతాయన్నది ఆ బోధ సారం. వృద్ధురాలికి ఇల్లు ప్రియమన్నప్పుడు ఆ ప్రియత్వం ఇటుకలలో లేదని ఇందువల్లనే తెలుస్తుంది. మరి ఎక్కడుంది? ఆమె దినచర్యను గమనిస్తే సమాధానం దొరుకుతుంది.

తెల్లవారుజామున ఐదున్నరకు పాలపాకెట్టు గేటు సంచిలో పడుతుంది. ఆరింటికి పూలమ్మే ఆమె మూర పూలు ఆ గేటుకే తగిలించి, "అమ్మగారూ, ఇయ్యాల చామంతులే" అని కేకవేసి పోతుంది. ఆరున్నరకు గుడి. అక్కడ అర్చకునికి ఆమె గోత్రం తెలుసు, కాలం చేసిన భర్త నక్షత్రం తెలుసు, మనుమడు పరీక్ష రాస్తున్న సంగతి తెలుసు. తీర్థం తీసుకున్నాక మండపంలో పావుగంట మాటలు. వచ్చేదారిలో మందుల దుకాణం కుర్రవాడు చీటీ అడగకుండానే రక్తపోటు మాత్రలు తీసిపెడతాడు. మధ్యాహ్నం పక్కపోర్షను పిల్ల బడి నుండి వచ్చి తల్లి వచ్చేవరకు ఈ ఇంటి గడప మీదే కూర్చుంటుంది. ఈ బంధాలలో ఏదీ గాఢమైనది కాదు. ఏ ఒక్కదాన్నీ విడిగా తీసి చూపిస్తే, దీనికోసమా ఇంత పట్టుదల అని నవ్వవచ్చు. దారపుపోగును విడిగా తీసి చూపిస్తూ చీర గట్టిదనాన్ని తీర్మానించే పద్ధతి అది.

ఈ పోగుల అసలు ప్రయోజనం ఒకటుంది. అది కష్టం వచ్చిననాడు గానీ బయటపడదు. నల్లకుంట ప్రాంతంలో ఒక వృద్ధురాలు ఒక శుక్రవారం తెల్లవారుజామున స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది, లేవలేదు, సెల్‌ఫోను వంటింట్లో ఉంది. కుమారుడు హాలులో కెమెరా పెట్టించాడు. అది ఖాళీ హాలును నిక్షేపంగా చూపిస్తూనే ఉంది, ఆ దేశంలో అప్పుడు నిద్రకు ముందటి సమయం, అమ్మ ఇంకా లేవలేదనుకున్నాడు. ఎనిమిదింటికి పూలమ్మి తిరుగుదారిలో చూస్తే గేటుకు పూలు అలాగే ఉన్నాయి. "శుక్కురారం పూట పూలు తీసుకోకుండా అమ్మగారు ఉండదే" అని ఎదురింటివారిని పిలిచింది. వారి దగ్గర రెండవ తాళంచెవి ఉంది. అప్పటికే గుడిలో అర్చకుడు కూడా ఆమె రాలేదేమని ఒకరిద్దరిని అడిగి ఉన్నాడు. పడిన రెండున్నర గంటలకు తలుపు తెరుచుకుంది. తెరిపించినది పూల మూర.

వృద్ధులు తమ ఇంటిని వదలమని చెప్పేటప్పుడు నోటితో చెప్పలేకపోయేది ఇదే. తాము రాకపోతే ఆ పూటకే తెలుసుకునేవారు ఉన్న చోటు అది. కొత్త చోట వసతి మేలుగా ఉండవచ్చు, లిఫ్టు ఉండవచ్చు, వైద్యుడు పిలుపు దూరంలో ఉండవచ్చు. కానీ అక్కడ ఆమె రాకను ఎదురుచూసే అరుగు ఉండదు. అలాంటి ఎదురుచూపు ఏర్పడడానికి 30 ఏళ్ళు పడుతుంది, 78 ఏళ్ళ వయస్సులో ఆ వ్యవధి మిగిలి ఉండదు. ఆధునికులు దీన్ని అంకెలలో కూడా చూపారు. 2010లో 148 అధ్యయనాల ఫలితాలను సమీకరించి పరిశీలించినప్పుడు, సామాజిక సంబంధాలు దృఢంగా ఉన్నవారు జీవించి ఉండే అవకాశం బలహీనంగా ఉన్నవారికంటె సుమారు 50 శాతం అధికమని తేలింది. అభివాదనశీలునికి, వృద్ధులను నిత్యం సేవించేవానికి ఆయుర్విద్యాయశోబలాలు వృద్ధి చెందుతాయని మనువు చెప్పినప్పుడు పిల్లవాని పక్షాన చెప్పాడు. నమస్కారం అందుకునే పెద్దవారి ఆయుర్దాయానికి కూడా అందులో భాగముందని తోస్తుంది.

అయితే ఇంతమాత్రం చేత, ఏ వృద్ధుణ్ణీ ఎప్పుడూ కదిలించరాదని సిద్ధాంతం చేయడం తగదు. మతిమరుపు ముదిరి పొయ్యి వెలిగించి మరిచిపోయేవారున్నారు. మంచం పట్టినవారున్నారు. ఆ స్థితిలో ఉన్నవారిని వారి కోరిక పేరుతో ఒంటరిగా వదలడం కఠినత్వం. ఇంకొక సంగతి కూడా నిష్పక్షపాతంగా ఒప్పుకోవాలి. కొన్ని వీధులలో ఇల్లు మాత్రమే మిగిలింది, వీధి మిగలలేదు. అటు ఇటు పెంకుటిళ్ళు పడిపోయి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి. తోటివారు ఒక్కరొక్కరే కాలం చేశారు లేదా కదిలిపోయారు. కొత్తగా వచ్చినవారు కారులో సెల్లారు నుండి బయలుదేరి సెల్లారుకే చేరతారు, వాచ్‌మన్‌కు తప్ప ఎవరికీ ఎవరి పేరూ తెలియదు. అటువంటి చోట నాలుగు గోడలను పట్టుకుని కూర్చోవడంలో పైన చెప్పిన ప్రయోజనమేదీ లేదు. అక్కడ పట్టుదల నిజంగానే మోహం కావచ్చు. ఆస్తి విలువను కావలి కాయడం కోసం ఉండిపోయేవారూ లేకపోలేదు, వారికి మాధ్యస్థ్యోపదేశం అవసరమే. అందుచేత అడగవలసిన ప్రశ్న ఇల్లు ఎవరిది, ఎంత పాతది అని కాదు. ఈ పూట ఈ తలుపు తెరుచుకోకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబుగా ఒక్క పేరైనా ఉన్నంతకాలం ఆ వృద్ధురాలి కోరికను గౌరవించడం పుత్రధర్మం. గౌరవించడమంటే అలాగే కానివ్వమని ఊరుకోవడం కాదు. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీలు, జారని నేల, పడకగది కింది అంతస్తులోకి, ఇవన్నీ ఇల్లు అమ్మడం కంటె తక్కువ ఖర్చు. దేశంలో 60 ఏళ్ళు దాటినవారు 2011 జనగణన నాటికే 10 కోట్లకు మించారు. వారి కోసం 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది, 14567 అనే సహాయవాణి ఉంది. అవి ఉండవలసినవే. కానీ న్యాయస్థానం పోషణభృతి ఇప్పించగలదు, పలకరింపు ఇప్పించలేదు. శీక్షావల్లి తల్లిని, తండ్రిని దేవతగా భావించమని స్నాతకుని శాసించినప్పుడు ఆ మాటలోని గాంభీర్యం ఇక్కడే తెలుస్తుంది. దేవతకు నైవేద్యం ఒక్కటే చాలదు, షోడశోపచారాలలో ఆవాహనముంది, ఆసనముంది, స్వాగతముంది. ప్రతిరోజూ పది నిమిషాలు ఫోనులో మాత్రలు వేసుకున్నావా అని మాత్రమే అడిగే కుమారుడు నైవేద్యం దగ్గరే ఆగిపోయాడు. శనివారం పారాయణకు ఎవరెవరు వచ్చారని అడిగినవాడు కొంచెం ముందుకు వెళ్ళాడు.

పెద్దలవైపు కర్తవ్యం కూడా తక్కువేమీ కాదు. రెండవ తాళంచెవి ఎదురింట ఉంచడానికి ఇష్టపడని పెద్దలెందరో! ఎవరి సాయమూ అక్కరలేదన్నది ఆత్మగౌరవమని వారు భ్రమిస్తారు. అది అహంకారానికి మరొక పేరు. సమవయస్కులే స్నేహితులని పట్టుబడితే పదేళ్ళలో స్నేహితులే ఉండరు. మూడవ అంతస్తులో కొత్తగా దిగిన యువదంపతులకు సంక్రాంతి అరిసెలు పంపడం, వారి పిల్లకు రెండు శ్లోకాలు నేర్పడం వైరాగ్యానికి భంగం కాదు. నృయజ్ఞమని శాస్త్రం నిత్యవిధిగా చెప్పినది ఆ కోవలోనిదే. కులగోత్రాలు అడిగి మరీ పలకరించేవారికి, పూలమ్మిని గేటు బయటే నిలబెట్టేవారికి, ఈ కాలంలో పలకరింపు కొరతపడితే దానికి ఇతరులను నిందించి లాభం లేదు.

అన్నిటికంటె ఎక్కువగా సిగ్గుపడవలసినది దేవాలయాలు. వృద్ధుల దినచర్యకు గుడి కేంద్రమన్నది అందరికీ తెలిసినదే. కాని వృద్ధుల కోసం గుడి ఏం చేసింది? అభిషేకజలంతో తడిసిన నున్నటి రాతిమెట్లు, పట్టుకోవడానికి కడ్డీ ఉండదు. పర్వదినాలలో ప్రత్యేకదర్శనం టిక్కెట్టు కొన్నవారికి ముందువరుస, నలభై ఏళ్ళుగా ప్రతి ఉదయం వచ్చే పెద్దామెకు గోడవార నిలుచునే చోటు. మైకు మోతకు మండపంలో ఒకరి మాట ఒకరికి వినపడదు. అర్చకులు కూడా పళ్ళెంలో పడేదాన్ని గమనించినంత శ్రద్ధగా నిన్న వచ్చి నేడు రానివారిని గమనిస్తున్నారా అన్నది వారు తమను తామే వేసుకోవలసిన ప్రశ్న. గోత్రనామాలు కంఠస్థమై ఉన్నవారికి ఈ పని కష్టం కాదు. మూడురోజులు కనబడని భక్తురాలి ఇంటికి వేదపాఠశాల విద్యార్థి చేతికి ప్రసాదమిచ్చి పంపడానికి దేవాదాయశాఖ ఉత్తర్వు అక్కరలేదు, పాలకమండలి తీర్మానం అక్కరలేదు. ఉత్సవమూర్తి వీధికి వేంచేసేది కదలలేనివారికి దర్శనమివ్వడానికి కూడానని పెద్దలు చెబుతారు. ప్రసాదం వీధికి వేంచేయడానికి అభ్యంతరమేమిటి?

నల్లకుంట వృద్ధురాలి సంగతి ఇంతటితో ముగియలేదు. శస్త్రచికిత్స అయింది. కుమారుడు పరుగున వచ్చాడు. వెంట తీసుకుపోవడమా, శివార్లలోని వృద్ధనివాసంలో చేర్చడమా అన్న నిర్ణయంతోనే వచ్చాడు. నెలరోజులు తల్లి మంచం పక్కన ఉన్నాడు. ఆ నెలలో ఇంటికి వచ్చిపోయినవారిని చూశాడు. పారాయణ బృందం వంతులు వేసుకుని చారు, పెరుగన్నం తెచ్చింది. మందుల దుకాణం కుర్రవాడు రాత్రి పదింటికి ఇంజక్షను చేసే ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. పక్కపోర్షను పిల్ల బడి కాగానే ఇక్కడికే వచ్చి మంచం కోడు దగ్గర కూర్చుని ఎక్కాలు అప్పజెప్పింది. తిరుగు ప్రయాణానికి రెండురోజుల ముందు అతడు ఒక చీటీ రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు, మరొక ప్రతి తన ఫోనులో ఉంచుకున్నాడు. అందులో పదకొండు పేర్లు, పదకొండు నంబర్లు. పుట్టి పెరిగిన వీధిలో ఆ పూలమ్మి పేరేమిటో అతడు అంతవరకు ఎన్నడూ అడిగి ఎరుగడు. ఆ ఉదయం గేటు దగ్గర నిలబడి అడిగాడు. చీటీలో మొదటి పేరు ఆమెదే.